రంగం నుంచి నడిచొచ్చిన పిల్లలు: మామ్మగారిని ఏమని అడగాలి?

మీ ప్రశ్న సారాంశం ఇది. మీ మామ్మగారికి ఇప్పుడు 90 ఏళ్ళు. ఆవిడ బర్మాలోని రంగూన్‌లో, అంటే మనవాళ్ళు రంగం అని పిలిచే నగరంలో పుట్టారు. రెండో ప్రపంచ యుద్ధం వచ్చినప్పుడు ఏడేళ్ళ వయసులో తల్లిదండ్రులతో కాలినడకన బయలుదేరి, ముక్తేశ్వరం దగ్గరున్న తాతగారి ఊరికి చేరి, అక్కడే పెరిగారు. ఆ సంగతి అడిగితే “ఏముందమ్మా, నడిచొచ్చేశాం” అని ఊరుకుంటారు. ఎప్పుడైనా చెప్పినా ఒకసారి నెలగంట పెట్టాక బయలుదేరామంటారు, ఇంకొకసారి శివరాత్రి వెళ్ళాక అంటారు. ఆవిడ జ్ఞాపకాన్ని నమ్మవచ్చునా, ఈ వయసులో అడిగి బాధపెట్టడం న్యాయమేనా, అడిగితే ఎలా అడగాలి అన్నవి మీ సందేహాలు.

సూటిగా చెబుతాను. నమ్మవచ్చు, అడగవచ్చు. అయితే నడక గురించి మొదట అడగకండి. రంగంలో వాళ్ళ ఇల్లు ఎలా ఉండేదో అడగండి. ఈ పిల్లల విషయంలో మనం ఎప్పుడూ చేసే పొరపాటు ఒకటుంది. యుద్ధం వల్ల వాళ్ళు సొంత ఊరికి తిరిగి వచ్చారని అనుకుంటాం. తిరిగి వచ్చినవారు పెద్దలు మాత్రమే. రంగంలో పుట్టిన పిల్లలకు రంగమే సొంత ఊరు. కోనసీమ వాళ్ళు అంతవరకు కంటితో చూడని చోటు. పెద్దలు ఇంటికి వచ్చామని ఊపిరి పీల్చుకున్న రోజునే పిల్లలకు ఇల్లు లేకుండా పోయింది. వాళ్ళకు ఇల్లు పోయిందన్న సంగతి ఆనాడు ఎవరికీ తట్టలేదు గనుక వాళ్ళను ఎవరూ అడగలేదు. మీ మామ్మగారి “ఏముందమ్మా” అన్న మాట వెనుక ఎక్కువగా ఉన్నది ఇదేనని నా నమ్మకం.

నేను కోనసీమలో ఒక డిగ్రీ కళాశాలలో చరిత్ర పాఠాలు చెప్పి విశ్రాంతి తీసుకున్నవాణ్ణి. 1990ల మొదట్లో ఒక పాత టేపురికార్డరుతో మొదలుపెట్టి, 1942లో చిన్నపిల్లలుగా బర్మా నుంచి వచ్చినవారిని 40 మందికి పైగా కలిసి మాట్లాడాను. ముక్తేశ్వరం, అయినవిల్లి, ముమ్మిడివరం, తాళ్ళరేవు, కోరంగి పరిసరాల వాళ్ళే ఎక్కువ. వాళ్ళలో చాలామంది ఇప్పుడు లేరు. నేను చెప్పేది వాళ్ళ దగ్గర నేర్చుకున్నదే.

ముందు మీ మామ్మగారి మాటల్లో కనిపించిన తేడాను తీరుస్తాను, ఎందుకంటే అది తేడా కాకపోవచ్చు. జపాన్ విమానాలు రంగూన్ మీద మొదట బాంబులు వేసింది 1941 డిసెంబరు 23న. మళ్ళీ 25న వేశాయి. మొదటి రోజు దాడిలో రేవు ప్రాంతం బాగా దెబ్బతిన్నది. ఓడల మీద బస్తాలు మోసే కూలీల్లో మనవాళ్ళు పెద్ద సంఖ్యలో ఉండేవారు కనుక తెలుగు కుటుంబాలకు ఆ దెబ్బ నేరుగా తగిలింది. విమాన దాడిని ఎన్నడూ చూడని జనం వీధుల్లోకి వచ్చి తలెత్తి చూస్తూ నిలబడి చనిపోయారు. డిసెంబరు 23 అంటే ధనుర్మాసం, అంటే నెలగంట పెట్టిన వారం రోజులకు. ఆ రోజుల్లోనే వేలాది కూలీ కుటుంబాలు మూటలు నెత్తికెత్తుకుని ఉత్తరాన ప్రోమ్ వైపు నడిచాయి. కూలీలు లేకపోతే రేవు ఆగిపోతుందని ప్రభుత్వం వాళ్ళలో చాలామందిని దారిలోనే ఆపి, నచ్చజెప్పి, వెనక్కి రప్పించింది. ఆ తరువాత 1942 ఫిబ్రవరి 20న నగరాన్ని ఖాళీ చేయమన్న ఆదేశం వచ్చింది. ఆ ఏడు శివరాత్రి ఫిబ్రవరి నడుమ వచ్చింది. మార్చి 8న రంగూన్ జపాన్ వారి వశమైంది. అంటే మీ మామ్మగారి కుటుంబం రెండుసార్లు బయలుదేరి ఉండవచ్చు. ఏడేళ్ళ పిల్ల రెండు ప్రయాణాలను విడదీసి చెప్పలేక ఒక్కొక్కసారి ఒక్కొక్కటి చెబుతూ ఉండవచ్చు. నేను కలిసినవారిలో నలుగురు ఇలాగే చెప్పారు. మొదటి ఇద్దరి విషయంలో వాళ్ళ జ్ఞాపకం చెదిరిందని నేను నా పుస్తకంలో రాసుకున్నాను. తరువాత ఆ మాట కొట్టివేయవలసి వచ్చింది.

పిల్లల జ్ఞాపకంలో తేదీలు ఉండవు, పండుగలుంటాయి. క్రైస్తవ కుటుంబాల వాళ్ళు నాకు క్రిస్మస్ నాటి దాడి గురించే చెప్పారు. కొత్త బట్టలు వేసుకుని గుడికి బయలుదేరబోతుండగా సైరను మోగిందని ఒకాయన, వండిన కూర పొయ్యి మీదే ఉండిపోయిందని ఒకావిడ చెప్పారు. కాబట్టి “ఏ సంవత్సరం, ఏ నెల” అని అడగవద్దు. “అప్పుడు ముగ్గులు వేస్తున్నారా, మామిడి పూత మీద ఉందా, వానలు పడుతున్నాయా” అని అడగండి.

ఏ దారిన వచ్చారో తెలిస్తే సగం కథ అర్థమవుతుంది. ఓడ టిక్కెట్టు దొరికిన అదృష్టవంతులు కలకత్తాకో మద్రాసుకో చేరారు. డబ్బూ పలుకుబడీ ఉన్నవారికి అది సులువు, కూలీలకు కష్టం. మిగిలినవారిలో ఒక భాగం ప్రోమ్ దగ్గర ఐరావతి నది దాటి, అరకాన్ కొండల మీదుగా సుమారు 175 కిలోమీటర్లు నడిచి, సముద్రం ఒడ్డున తౌంగుప్ చేరి, అక్కడినుంచి పడవల మీద అక్యాబుకు, ఆపైన చిట్టగాంగుకు వచ్చారు. నీళ్ళు లేని ఆ కొండదారిలో కలరా చాలామందిని పొట్టన పెట్టుకుంది. రెండో దారి మాండలే మీదుగా కలేవా, తమూ, పాలెల్, ఇంఫాల్, అక్కడినుంచి దీమాపూర్ రైలు స్టేషను. ఈ దారిలో తెల్లవారికి ఒక బాట, భారతీయులకు మరొక బాట కేటాయించారన్న విషయం ఆనాడే పెద్ద వివాదమై, నెహ్రూ వంటి నాయకులు తీవ్రంగా విమర్శించారు. ఇంకా ఉత్తరాన హుకాంగ్ లోయ మీదుగా అస్సాంలోని లెడోకు వచ్చిన దారి అన్నిటికన్నా ఘోరమైనది. మే నెలలో వానలు పట్టుకున్నాక ఆ దారిన వెళ్ళినవారిలో బతికి బయటపడినవారి సంగతులు వినడమే కష్టం. మొత్తం మీద నాలుగైదు లక్షల మంది భారతీయులు బర్మా నుంచి ఇటు వచ్చారని, దారిలో చనిపోయినవారు 10,000 నుంచి 50,000 వరకూ, అంతకు మించి కూడా ఉంటారని అంచనాలున్నాయి. దారి పక్కన పడిపోయినవారిని లెక్కపెట్టే మనిషి లేడు కాబట్టి ఆ అంచనాల మధ్య అంత దూరం ఉంది.

మీ మామ్మగారిది ఏ దారో తెలుసుకోవడానికి ఊళ్ళ పేర్లు అడగకండి. నేను వాడే ప్రశ్న ఒకటుంది: “కాకినాడ మీద బాంబులు పడినప్పుడు మీరు ఊళ్ళోకి వచ్చేశారా, ఇంకా దారిలో ఉన్నారా?” జపాన్ విమానాలు కాకినాడ, విశాఖపట్నాల మీద దాడి చేసింది 1942 ఏప్రిల్ 6, సోమవారం. ఆ రోజు కబురు డెల్టా అంతటా పాకింది. అప్పటికే ఊళ్ళో ఉన్న పిల్లలకు అది మరచిపోలేని రోజు, ఎందుకంటే తప్పించుకుని వచ్చామనుకున్నది మళ్ళీ వెంట వచ్చింది. ఒకావిడ ఆ సాయంత్రం తన తండ్రి కాలవగట్టు మీద కూర్చుని ఎవరితోనూ మాట్లాడలేదని, తల్లి మళ్ళీ మూట కట్టడం మొదలుపెట్టిందని చెప్పారు. ఏప్రిల్ 6 నాటికి ఊళ్ళో ఉన్నారంటే ఓడ మీదనో అరకాన్ దారినో వచ్చి ఉండే అవకాశం ఎక్కువ. లేరంటే మణిపురం దారి అనుకోవచ్చు. ఇది కచ్చితమైన కొలత కాదు గానీ నాకు చాలాసార్లు సరిపోయింది.

ఇక్కడ ఒక జాగ్రత్త. 1942లో వచ్చిన కుటుంబాల్లో కొన్ని యుద్ధం అయ్యాక మళ్ళీ రంగం వెళ్ళాయి. 1962లో సైనిక ప్రభుత్వం వచ్చి వ్యాపారాలను జాతీయం చేశాక ఆ కుటుంబాలు రెండోసారి కట్టుబట్టలతో ఓడ దిగాయి. ఇళ్ళలో ఈ రెండు కథలూ కలిసిపోతాయి. “నోట్లు చెల్లకుండా పోయాయి” అన్న మాట వస్తే అది 1964 సంగతి. ఆ ఏడు మే నెలలో బర్మా ప్రభుత్వం 50, 100 చాట్‌ల నోట్లను రద్దు చేసింది. మీ మామ్మగారు ఇక్కడే పెరిగారు గనుక ఆవిడ కథలో నోట్ల మాట వినిపిస్తే అది ఏ మేనమామదో, పినతండ్రిదో అయి ఉంటుంది.

ఇక నడక. నడక గురించి పిల్లలు పెద్దల్లా చెప్పరు. నేను విన్న పెద్దల కథల్లో ప్రభుత్వం ఉంటుంది, ఎవరు మోసం చేశారో ఉంటుంది, ఎంత బంగారం పోయిందో ఉంటుంది. పిల్లలుగా వచ్చినవారి మాటల్లో ఉండేవి కాళ్ళు, దాహం, బరువు. అప్పటికి ఎనిమిదేళ్ళ వయసున్న ఒకాయన మూడు వారాల ప్రయాణంలో తనకు గుర్తున్న దృశ్యం ఒక్కటేనన్నారు: తండ్రి మడమలు. ఆ మడమలను చూస్తూ నడవమని తల్లి చెప్పిందట, పక్కకు చూడవద్దని. పక్కన ఏముందో పెద్దయ్యాక గానీ ఆయనకు తెలియలేదు. మరొకావిడకు నడుముకు కట్టిన ఇత్తడి చెంబు గుర్తు. నీళ్ళు దొరికిన చోట ఎవరు ముందు తాగాలన్నది తల్లి నిర్ణయించేది, ఆ వరుసలో తనది చివరి వంతు. ఆ మాట చెప్పేటప్పుడు ఆవిడ వయసు 70 దాటింది, తల్లి పోయి ముప్పై ఏళ్ళయింది. “ఎందుకు నాది చివరిదీ” అని ఆవిడ నన్ను అడిగారు. నా దగ్గర జవాబు లేదు. చిన్నవాళ్ళకు ముందు పోసి, నడవగలిగినదానికి చివర పోసి ఉంటుందని అన్నాను. ఆవిడ చాలాసేపు ఆలోచించి, “అంతేనేమో” అన్నారు.

కంటి ఎత్తును బట్టి ఏది స్వయంగా చూసినదో పోల్చుకోవచ్చు. మడమలు, చెంబు, జలగలు, తల్లి చీర కుచ్చెళ్ళు, ముందు నడిచేవారి వీపు మీది మూట, ఇవన్నీ ఏడేళ్ళ పిల్ల కంటికి ఎదురుగా ఉండేవి. అవి ఆవిడ సొంతం. తమూ, పాలెల్ వంటి ఊళ్ళ పేర్లు, మైళ్ళ లెక్కలు, “లక్షమంది వచ్చారు” వంటి మాటలు తరువాత పెద్దలు అరుగుల మీద చెప్పుకుంటుండగా విన్నవి. విన్నవి అబద్ధమని కాదు. రెంటినీ వేరువేరు పేజీల్లో రాసుకుంటే చాలు.

ఇప్పుడు మీ మామ్మగారి మౌనానికి దగ్గరి విషయం చెబుతాను. వాళ్ళు వచ్చి దిగిన తరువాత ఏమయింది?

కాందిశీకులకు సొంత ఊరి దాకా రైలు పాసులిచ్చేవారు. కలకత్తా నుంచి వాల్తేరు, వాల్తేరు నుంచి సామర్లకోట, అక్కడినుంచి కాకినాడ. కాకినాడ నుంచి కోటిపల్లి రేవు దాకా రైలుందని రంగంలో తండ్రులు పిల్లలకు చెప్పి ఉన్నారు. ఆ లైను 1928లో పడింది. అయితే 1940లో యుద్ధ అవసరాల కోసం ఆ పట్టాలను పీకి పట్టుకుపోయారు. వారాల తరబడి నడిచి, రోజుల తరబడి రైళ్ళలో నిలబడి వచ్చిన పిల్లలకు చివరి మజిలీలో మళ్ళీ నడకే మిగిలింది. లేదా ఎడ్లబండి, కాలవ పడవ. ఒక తండ్రి పట్టాలు లేని ఆ కట్టను చూసి కూలబడిపోయాడని, అడవిలో ఏడవని మనిషి అక్కడ ఏడ్చాడని ఆయన కూతురు చెప్పింది. ఆ లైను మళ్ళీ పడింది 2004లో. ముక్తేశ్వరం వెళ్ళాలంటే కోటిపల్లిలో గోదావరి దాటాలి కదా. మీ మామ్మగారిని ఆ రేవు గురించి తప్పక అడగండి. గౌతమిని మొదటిసారి చూసిన పిల్లల్లో ఇద్దరు ముగ్గురు అది ఐరావతి అనుకున్నారు, మళ్ళీ వెనక్కి వెళుతున్నామని సంతోషించారు.

ఊళ్ళోకి రాగానే అక్కున చేర్చుకున్న ఇళ్ళున్నాయి. కలరా తెచ్చారేమోనన్న భయంతో పది రోజులు చేను గట్టున పశువుల పాకలో ఉంచి దూరం నుంచి గంజి కుండ పెట్టిన ఇళ్ళూ ఉన్నాయి. భయం నిజమైనదే కనుక ఎవరినీ తప్పుపట్టలేం. కానీ పాకలో ఉన్న పిల్లకు అది తెలియదు. అమ్మ ఎప్పుడూ చెప్పే నాయనమ్మ దూరంగా నిలబడి ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకోవడం మాత్రం తెలుసు. ఒకావిడకు దారిలో శిబిరంలో పేలు పట్టాయని తల గొరిగించారు. తొమ్మిదేళ్ళ పిల్ల బోడి గుండుతో ఊళ్ళోకి వస్తే తోటి పిల్లలు చేసిన హేళన గురించి ఆవిడ నాకు గంటసేపు చెప్పారు. కొండల్లో చూసిన శవాల గురించి రెండు వాక్యాలు చెప్పారు. అప్పుడు అది నాకు వింతగా తోచింది, ఇప్పుడు తోచదు. కొండల్లో ఆవిడ పక్కన తల్లి ఉంది, తండ్రి ఉన్నాడు, అందరూ ఒకే కష్టంలో ఉన్నారు. ఊళ్ళో ఆ గుండుతో ఆవిడ ఒక్కతే.

రంగంలో కూలీల బ్యారక్‌లు ఇరుకే, మురికే. అయినా వీధిలో కొళాయి ఉండేది, విద్యుద్దీపాలు ఉండేవి, ట్రాము నడిచేది. ఇక్కడ కాలవ నీళ్ళు, కిరసనాయిలు బుడ్డి. పిల్లలు ఆటల్లో నేర్చుకున్న బర్మా భాష ఇక్కడ ఎవరికీ అక్కరలేదు. మాటల్లో బర్మా పలుకు దొర్లితే నవ్వేవారు. బుగ్గలకు బర్మా వాళ్ళలా తనకా చెక్క గంధం పూసుకునే అలవాటున్న పిల్లను వెక్కిరించేవారు. మొహింగా అనే బర్మా వంటకం, చేపల పులుసులో నూడుల్స్, కావాలని మారాం చేసిన తమ్ముణ్ణి తల్లి కొట్టిందని, ఆ తరువాత ఇంట్లో ఎవరూ ఆ పేరు ఎత్తలేదని ఒకాయన చెప్పారు. యుద్ధంతో బర్మా బియ్యం రావడం ఆగిపోయింది, ధరలు పెరిగాయి, ఉన్న గింజలకు తినే నోళ్ళు ఎక్కువయ్యాయి. అటువంటి ఇంట్లో కొత్తగా వచ్చిన నలుగురు పిల్లలు ఎంత తక్కువ తింటే అంత మంచి పిల్లలు.

పొలం సంగతి మరొకటి. రంగం నుంచి పంపిన డబ్బుతో అన్నదమ్ముల పేరున కొన్న భూములు తిరిగి వచ్చేసరికి తమవి కాకుండా పోయిన ఇళ్ళను నేను ఐదారు చూశాను. పిల్లలు ఆ తగాదాల మధ్య పెరిగారు. నోరెత్తితే ఏ మాట ఎవరికి తగులుతుందోనని రంగం ఊసే ఎత్తకుండా ఉండడం అలవాటు చేసుకున్నారు. మీ ఇంట్లో ఇటువంటిది జరిగి ఉంటే మామ్మగారి మౌనానికి అది కూడా కారణం కావచ్చు. ఆ విషయమై ఆవిడను విచారించే పని మాత్రం పెట్టుకోకండి.

అన్నిటికన్నా నన్ను కదిలించినది దళిత కుటుంబాల పిల్లల అనుభవం. డెల్టా నుంచి బర్మా వెళ్ళినవారిలో వాళ్ళ సంఖ్య చాలా పెద్దది. రంగంలో కులం లేదని నేననను. అయినా వీధి కొళాయి దగ్గర వరుసలో నిలబడి నీళ్ళు పట్టుకున్న పిల్లవాడొకడు ఇక్కడికి వచ్చిన మూడో రోజున దాహం వేసి దగ్గర కనబడిన బావి వైపు పరుగెత్తాడు. ఏం జరిగిందో ఆయన వివరంగా చెప్పలేదు. “ఆ రోజు మా నాన్న నన్ను కొట్టాడు, అంతకు ముందెప్పుడూ కొట్టలేదు” అన్నారు. తండ్రి ఎందుకు కొట్టాడో అర్థం కావడానికి ఏళ్ళు పట్టిందన్నారు. బాంబులకు భయపడి వచ్చినవాడికి ఊరు ఇచ్చిన మొదటి పాఠం అది. యుద్ధంలో ఇల్లు విడిచిన పిల్లల గురించి ఎవరు ఏది రాసినా నేను ముందుగా ఆయనను తలుచుకుంటాను.

కాకినాడ నుంచి తరలివచ్చిన పిల్లల కథ దీనికి పూర్తిగా భిన్నం. బాంబులు పడ్డాక పట్నం చాలావరకు ఖాళీ అయింది. జనం పిల్లలను తీసుకుని బంధువుల ఊళ్ళకు, పెద్దాపురం, రామచంద్రపురం వైపు వెళ్ళారు. ఆ పిల్లలకు అది సెలవుల్లా గుర్తుంది, మామిడి తోటలు, కాలవ ఈతలు. కొన్ని నెలలకు తిరిగి వెళ్ళారు, వాళ్ళ బడి అక్కడే ఉంది, వాళ్ళ వీధి అక్కడే ఉంది. తిరిగి వెళ్ళే చోటు ఉండడం, లేకపోవడం, ఈ రెండు గుంపుల మధ్య తేడా ఇదే.

ఇంగ్లండులో 1939 సెప్టెంబరు మొదటి రోజుల్లో సుమారు 15 లక్షల మంది తల్లులను, పిల్లలను నగరాల నుంచి పల్లెలకు పంపారు. బడిపిల్లల్లో ఎక్కువమంది మెడలో పేరు చీటీతో, తల్లిదండ్రులు లేకుండా వెళ్ళారు. ఆ యుద్ధకాలంలో లండన్‌లో శిశు సంరక్షణ కేంద్రాలు నడిపిన అన్నా ఫ్రాయిడ్, డొరొతీ బర్లింగ్‌హామ్ గమనించినది ఏమంటే, బాంబుల మధ్య తల్లి దగ్గరున్న పిల్లలకన్నా క్షేమమైన చోట తల్లికి దూరమైన పిల్లలు ఎక్కువ కలత చెందారు. ఫిన్లండు నుంచి సుమారు 70,000 మంది పిల్లలను స్వీడన్‌కు పంపితే, తిరిగి వచ్చిన చిన్నవాళ్ళలో చాలామంది సొంత భాష మరచి, కన్నతల్లితో మాట్లాడలేకపోయారు. మన పిల్లలు తల్లి చెయ్యి పట్టుకునే వచ్చారు. ఆ ఒక్క విషయంలో వాళ్ళు అదృష్టవంతులు. కానీ ఆ తల్లే దారిలో పోయిన ఇళ్ళున్నాయి, ఒక బిడ్డను కోల్పోయిన తల్లి మిగతా పిల్లలతో ఆ తరువాత సరిగా మాట్లాడని ఇళ్ళున్నాయి.

ఇది చెప్పాను గనుక నేను చేసిన తప్పు కూడా చెప్పాలి. మొదటి రోజుల్లో ఒకావిడ తన తమ్ముడి గురించి చెబుతూ ఒక చోట ఆగారు. నడకలో తమ్ముడున్నాడు, సామర్లకోటలో లేడు. నేను వివరం కోసం పట్టుబట్టి, మధ్యలో ఏమయిందని మూడుసార్లు అడిగాను. ఆవిడ లేచి లోపలికి వెళ్ళారు. వారం తరువాత వాళ్ళ అబ్బాయి కబురు పెట్టాడు, అమ్మ రాత్రిళ్ళు నిద్రపోవడం లేదు, ఇక రావద్దని. నేను వెళ్ళలేదు. ఆవిడ మళ్ళీ నాతో మాట్లాడలేదు. అప్పటి నుంచి నాకు నేను పెట్టుకున్న నియమం: దారిలో ఎవరు తగ్గారో లెక్క అడగకూడదు. వాళ్ళంతట వాళ్ళు చెబితే వినాలి. చెబుతూ ఆగితే ఆ మౌనాన్ని మనం నింపకూడదు.

మీ విషయంలో నేను సూచించేది ఇది. చుట్టూ జనం లేనప్పుడు, ఆవిడ చేతిలో ఏదో చిన్న పని ఉన్నప్పుడు, చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నప్పుడో వత్తులు చేసుకుంటున్నప్పుడో పక్కన కూర్చోండి. రికార్డు చేసేటట్లయితే ముందే చెప్పి, ఒప్పుకుంటేనే చేయండి. దొంగతనంగా చేయవద్దు. ఇంటి గుమ్మం నుంచి కొళాయి దాకా ఎంత దూరం, పక్క గదిలో ఎవరుండేవారు, బడికి ఎవరితో వెళ్ళేవారు, ష్వేడగాన్ గుడి బంగారు గోపురం ఇంటి నుంచి కనిపించేదా, ఏప్రిల్‌లో నీళ్ళు చల్లుకునే బర్మా పండుగలో ఆడుకున్నారా అని అడగండి. మొదటి రెండు మూడు రోజులు రంగం దాటి రావద్దు. ఇల్లు విడిచిన పిల్ల మొదట ఆ ఇంటిని మళ్ళీ చూడాలి. అప్పుడు బయలుదేరిన రోజు తానుగా వస్తుంది. గొంతు మారినా, చేతులు ఆగినా, “ఇంక చాలు” అన్నా, వెంటనే ఆపి భోజనం సంగతి మాట్లాడండి. రాత్రి నిద్ర చెడితే కొన్ని వారాలు ఆ ఊసు వద్దు.

ఎవరో చెప్పిన తేదీతో ఆవిడను సరిదిద్దకండి. కాగితాల పని మీరు విడిగా చేసుకోండి. ఆనాటి విదేశ భారతీయుల శాఖ దస్త్రాలు ఢిల్లీ జాతీయ అభిలేఖాగారంలో ఉన్నాయి. “అభిలేఖ్ పటల్” అనే వారి వెబ్‌సైటులో వెతకవచ్చు. బర్మా కాందిశీకులకు సంబంధించిన దస్త్రాలు అందులో దొరుకుతాయి. ఒక కూలీ కుటుంబం పేరు అందులో దొరకడం అరుదు కనుక దొరకకపోతే నిరాశపడవద్దు. ఇంట్లో పాత ట్రంకు పెట్టె ఉంటే దాని అడుగున పరచిన కాగితాలు కూడా చూడండి. ఒక ఇంట్లో అటువంటి చోటే ఒక టీకా చీటీ దొరికింది, దాని మీది శిబిరం పేరుతో వాళ్ళ దారి ఏదో తేలింది.

ఎక్కడ మొదలుపెట్టాలో ఇంకా తోచకపోతే ఒకటి చేసి చూడండి. ఒకటి నుంచి పది దాకా బర్మా భాషలో లెక్కపెట్టమనండి. కోరంగి దగ్గర ఒకావిడ, నాతో ఏమీ గుర్తులేదని రెండు రోజులు చెప్పినావిడ, మూడో రోజున కోడలికి బియ్యం కొలిచి ఇస్తూ తిట్, హ్నిట్, తోన్, లే అని లెక్కపెట్టడం విన్నాను. అరవై ఏళ్ళుగా ఆవిడ అలాగే కొలుస్తున్నదట. అది ఏ భాషో ఇంట్లో ఎవరూ అడగలేదట. నేను అడిగాను. ఆవిడ గిద్ద పక్కన పెట్టి, పది దాకా చెప్పి, తరువాత ఆ లెక్క నేర్పిన పక్కింటి అమ్మాయి పేరు చెప్పారు.